షోకి కట్టుకున్న పొయ్యి

నేపర్‌విల్‌లో డాక్టర్ రాజగోపాల్ ఇల్లు మీరు చూసుండరు కాబట్టి చెప్తున్నా. హాల్లోకి అడుగు పెట్టగానే ఎదురుగా పెద్ద ఫైర్‌ప్లేసు. చుట్టూ నున్నటి రాయి. పక్కన ఇత్తడి బుట్టలో తెల్ల బెరడు బిర్చి కట్టెలు, వాటికి ఎర్ర రిబ్బను. ముందు పాలలాంటి తెల్ల కార్పెట్. ఆ ఇల్లు కొన్న మూడేళ్ళలో ఆ పొయ్యిలో ఒక్క అగ్గిపుల్ల గీసిన పాపాన పోలేదు. వచ్చినవాళ్ళకి చూపించడం, వాళ్ళు ఆహా అనడం, అంతే దాని పని. కట్టెలకి రిబ్బను కట్టినవాణ్ణి నేను అదే మొదలు చూడ్డం.

నాకు పొయ్యి సంగతి తెలుసు. ఐదో క్లాసుతో బడి మానిపించాక కట్టెల పొయ్యి ముందే పెరిగా. పెళ్ళయి ఈ దేశం వచ్చాక మా ఆయన రామమోహన్ కొన్న పాత ఇంట్లోనూ ఫైర్‌ప్లేసు ఉంది. దాని పద్ధతి వేరని పక్కింటి జర్మన్ ముసలాయన నేర్పాడు. పొగగొట్టం గొంతులో ఒక ఇనప తలుపుంటుంది, దాన్ని డాంపర్ అంటారు. వెలిగించే ముందు అది తియ్యాలి. నిప్పు పూర్తిగా చల్లారేదాకా ముయ్యకూడదు. మూస్తే పొగ ఒక్కటే కాదు, రంగూ వాసనా లేని గ్యాసు ఒకటి ఇంట్లోకి దిగుతుంది. తలనొప్పి వస్తుంది, నిద్ర వస్తుంది, ఇంక లేవరు. పచ్చి కట్టె కాలిస్తే గొట్టం లోపల తారు పేరుకుని ఏదో ఒక రోజు గొట్టమే అంటుకుంటుంది. ఏడాదికోసారి మనిషిని పిలిచి దులిపించాలి. ఇంతే. దీనికి డాక్టరు చదువు అక్కర్లేదు.

మా ఆయన పోయాక నేను తెలుగు డాక్టర్ల పిల్లల్ని చూసుకుంటూ బతుకుతున్నా. రాజగోపాల్, ఆయన భార్య సరోజ, ఇద్దరూ డాక్టర్లే. వాళ్ళ పది నెలల పిల్ల ఉష, వాళ్ళు డ్యూటీకెళ్తే నా దగ్గరే.

రాజగోపాల్ తల్లి కామేశ్వరమ్మగారు ఎనభై ఒకటిలో మనవరాల్ని చూడ్డానికి వచ్చింది. సెప్టెంబరు దాటిందగ్గర్నుంచీ ఆవిడకి ఒకటే చలి. శాలువ కప్పుకుని ఆ ఖాళీ పొయ్యి ముందు నేలమీద కూచునేది.

"ఒక్క కట్టె వెయ్యరా నాయనా."

"కార్పెట్ నల్లబడుతుందమ్మా. థర్మోస్టాట్ పెంచాగా."

పెంచింది రెండు డిగ్రీలు. అక్టోబరులో నెమ్ము చేసి పోయింది. ఇద్దరు డాక్టర్లున్న ఇంట్లో, నెమ్ము చేసి. నన్నెవరూ ఏమీ అడగలేదు.

ఇంక ఆ రోజు. ఎనభై రెండు జనవరి. పొద్దున్నించీ మంచు. మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయింది. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నెస్‌కి గ్యాసు ఉన్నా ఫ్యాను తిరగదు కదా, అదీ ఆగిపోయింది. ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఆ వీధిలో ఇంకా సగం ఇళ్ళు కట్టడం పూర్తవలేదు. వెళ్ళి తలుపు తడదామన్నా మనిషి లేడు. వీధి తలుపు తీస్తే మంచు నడుం దాకా ఉంది.

ఫోను మాత్రం పనిచేస్తోంది. హాస్పిటల్‌కి చేసి రాజగోపాల్‌ని పేజ్ చేయించి ఫోను దగ్గరికి పిలిపించా.

"రోడ్లు మూసేశారు పిన్నిగారూ. ఇద్దరం ఇక్కడే ఇరుక్కుపోయాం. పిల్లని బ్లాంకెట్లలో చుట్టండి."

"చుట్టా. ఫైర్‌ప్లేసు వెలిగిస్తా."



"వద్దు పిన్నిగారూ. అది మాత్రం వద్దు."

"కార్పెట్ కోసమా?"

"వద్దని చెప్తున్నా కదా," అని పెట్టేశాడు.

ఐదయ్యేసరికి చీకటి పడింది. గోడ మీద మీటరు ఫారెన్‌హీటులో నలభై రెండు చూపిస్తోంది, అంటే మన లెక్కలో ఐదారు డిగ్రీలు. నోట్లోంచి ఆవిరి వస్తోంది. ఉష ఏడుపు మానేసింది. అది నాకు నచ్చలేదు. చలికి పిల్లలు ఏడుస్తున్నంత సేపూ ఫరవాలేదు. మానేస్తేనే భయం. దాని వేళ్ళు పట్టుకుంటే నీళ్ళలో నానబెట్టినట్టున్నాయి. దాన్ని జాకెట్ లోపల నా రొమ్ముకి ఆనించి కట్టుకుని, టార్చి పట్టుకుని, పొయ్యి దగ్గర కూచున్నా. డాక్టరు వద్దంటే వద్దనుకోనీ. నా చేతిలో పిల్ల పోతే ఆయన వచ్చి ఏ మందిస్తాడు?

డాంపర్ పిడి లాగా. సగం వచ్చి ఆగింది. పైన ఏదో అడ్డం ఉంది. పిట్ట గూడు కట్టుంటుందనుకున్నా. చెయ్యి పైకి పెట్టి తడిమా. డాంపర్ వెనకాల చిన్న అరలాంటిది ఉంటుంది, వాన నీళ్ళు ఆగడానికి. అక్కడ చేతికి బట్ట తగిలింది. ముడి తగిలింది. బరువుగా ఉంది. కిందికి లాగా.

ఎర్ర గుడ్డలో కట్టిన పెట్టె. మీద ఎండిపోయిన పసుపు.

నాకు అర్థమైంది. ఐనా మళ్ళీ ఫోను చేశా, ఆయన నోటితో విందామని.

"రాజగోపాల్, పొగగొట్టంలో ఉన్నది మీ అమ్మేనా?"



"అస్థికలు ఇంటి కప్పు కింద ఉంచకూడదన్నారు పంతులుగారు. మే నెల దాకా ఇండియా వెళ్ళడం కుదరదు. అక్కడైతే పైన ఆకాశమే కదా పిన్నిగారూ. టెక్నికల్‌గా బయట కిందే లెక్క."

"ఎవరు చెప్పారు ఆ లెక్క?"

"నేనే అనుకున్నా."

"ఎన్ని డిగ్రీలు చదివావు నాయనా నువ్వు?"

"పేషియో మీద పెట్టెయ్యండి. లోపల మాత్రం ఉంచొద్దు, పిల్ల ఉంది."

మూడు నెలలు తల్లిని గొట్టంలో కూచోబెట్టినవాడికి ఇప్పుడు ఆచారం గుర్తొచ్చింది. నాకు వాదించే టైము లేదు. వెనక గాజు తలుపు రెండు జానలు జరిపి, చెయ్యి చాపి పెట్టెని చూరు కిందున్న పేషియో గచ్చు మీది బల్ల కిందికి తోసి, తలుపేసి గడియ పెట్టేశా.

డాంపర్ పూర్తిగా లాగి, రిబ్బను విప్పా. కట్టెలు బాగా ఎండి ఉన్నాయి, అలంకారానికైనా అదొక్కటి సరిగ్గా చేశాడు. న్యూస్‌పేపరు చుట్టి వెలిగించి గొట్టం వైపు ఎత్తి పట్టుకున్నా. చల్లటి గొట్టం ముందు కాస్త వేడెక్కాలి, లేకపోతే పొగ మన మొహం మీదికే వస్తుంది. గొట్టం ఆ మంటని పైకి లాగింది. పుల్లలు అంటించా. కట్టె అందుకుంది. బెరడు చిటపటలాడింది. కాసేపటికి ఉష వేళ్ళు కదిలాయి.

అప్పుడు… టక్.

డాంపర్ మూసుకుంది.

పొగంతా ఒక్కసారి బయటికి పొర్లింది. ఇనప చువ్వతో పైకి పొడిచా, తెరుచుకుంది. పాతదేమో, పట్టు వదిలిందనుకున్నా. మళ్ళీ టక్. ఈసారి కట్టెలు పట్టే ఇనప పట్టకారు సందులో దూర్చా. వేలెడు మందం ఇనుము. అది వంగి నిప్పుల్లో పడింది. నా కళ్ళ ముందే.

పొగ అలారం మోగాలి కదా ఇంత పొగకి. మోగలేదు. పోపు వేస్తే అరుస్తోందని ఆ మహానుభావుడే దాని బ్యాటరీ తీసి డ్రాయర్‌లో పెట్టాడు.

కిటికీ తెరిస్తే పొగ పోతుంది, చలి వస్తుంది. మూస్తే పిల్ల ఊపిరి పోతుంది. మంట ఆర్పేస్తే పిల్ల తెల్లారేదాకా తట్టుకోలేదు. నా తల అప్పటికే దిమ్ముగా ఉంది. ఉష కళ్ళు మూతలు పడుతున్నాయి. దాని బుగ్గ గిల్లా. కదల్లేదు. గట్టిగా గిల్లా. కొంచెం మూలిగింది.

కిటికీ తెరిచా.

అప్పుడు గొట్టంలోంచి గాలి దిగింది. పైకి పోవాల్సిన మంట నా వైపు వంగింది. పడుకుంది. ఆ గాలిలో పొగ వాసన లేదు. అమృతాంజనం వాసన. తడి శాలువ వాసన.

గొట్టం లోపల పళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు.

టకటక… టకటక…

"వసుమతీ…"

నా పేరే. ఆ ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచింది ఆవిడ ఒక్కతే.

"చలే…"

ఎక్కడలేని కోపం వచ్చింది. బతికుండగా కొడుకుని గట్టిగా ఒక్క మాట అనలేకపోయిందే ఈవిడ, చచ్చాక పసిదాని మీదా ప్రతాపం?

"అక్కయ్యగారూ, పిల్ల చచ్చిపోతుంది," అన్నా, గొంతు లేపకుండా.

టకటక… టకటక…

"బయట పెట్టావే…"

ఆ మాటతో తలుపు వైపు చూశా. బల్ల కింద లోపలికి తోసి పెట్టా నేను పెట్టెని. ఇప్పుడది గాజుకి ఆనుకుని ఉంది. గుడ్డ గాజుకి అతుక్కుని ఉంది. చుట్టూ మంచు మీద ఒక్క గీత లేదు. ఒక్క గుర్తు లేదు.

వెళ్ళి తలుపు తీసి తెచ్చా. ఇంకేం చెయ్యను? ఇంటి కప్పు కింద పెట్టకూడదట. చలికి పోయిన మనిషిని మంచులో మాత్రం పెట్టొచ్చట. పొయ్యి గట్టు మీద, మంటకి బాగా దగ్గరగా పెట్టా. గుడ్డ మీద మంచు కరిగి రాయి మీద కారింది.

"ఇదిగో నిప్పు. కాచుకోండి. గొట్టం మాత్రం ముయ్యకండి."

డాంపర్ కదల్లేదు. మంట ఇంకా నా వైపే వంగి ఉంది. ఉష తల నా భుజం మీంచి పక్కకి వాలిపోయింది. ఈసారి గిల్లినా మూలగలేదు.

అప్పుడన్నా ఆ మాట. ఆలోచించి అన్నది కాదు. పిల్ల బతకాలి, అంతే.

"అక్కయ్యగారూ, మీ వాడు దద్దమ్మ. ఈ ఇంట్లో మీకు ఒక్కరోజు కూడా నిప్పు దక్కదు. దీన్ని వదిలెయ్యండి. మా ఇంటికి రండి. ఏడాది పొడుగునా వెలిగిస్తా."

పళ్ళ చప్పుడు ఆగింది.

టక్.

డాంపర్ తెరుచుకుంది. మంట నిటారుగా లేచింది. పొగంతా దారం గుంజినట్టు పైకి పోయింది. కిటికీ గాలికి ఉష దగ్గింది, మళ్ళీ దగ్గింది, తరవాత ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. అంత మంచి ఏడుపు నేను ఎప్పుడూ వినలేదు. కిటికీ ఒక జానెడు వదిలి మూసి, తెల్లారేదాకా కట్టె మీద కట్టె వేస్తూ కూచున్నా. పెట్టె వైపు చూడలేదు.

పొద్దున పదింటికి మంచు తోసే బండి వచ్చింది, దాని వెనకాలే డాక్టర్లు. సరోజ పిల్లని లాక్కుని ఏడ్చింది. రాజగోపాల్ ముందు కార్పెట్ చూశాడు. తరవాత పిల్లని చూశాడు. తరవాత పెట్టె చూసి, "దీన్ని లోపల ఎందుకు పెట్టారు?" అన్నాడు.

"చలేస్తోందట," అన్నా.

నవ్వాడు. పెద్దదానికి మతి పోయిందనుకున్నాడు.

పొయ్యిలో బూడిద నేను మూతున్న ఇనప బకెట్‌లోకి ఎత్తుకున్నా. అట్టపెట్టెలో, పేపరు సంచిలో ఎత్తకూడదు. నిప్పు బూడిద కింద నాలుగు రోజులైనా బతికుంటుంది. మామూలుగా ఆ బూడిదతో నేను ఇత్తడి తోముకుంటా. ఐదు రోజులు బయట ఉంచి, మా ఇంట్లో ఒక చెంబు తోమా. చెంబంతా గీతలు. కట్టె బూడిద మైదాపిండిలా ఉంటుంది. ఇది ఇసకలా గరగరలాడింది. డాక్టరు కొన్న కట్టె కూడా డాక్టరులాగే ఉందని తిట్టుకుని, బకెట్‌కి మూత పెట్టి గరాజ్‌లో పడేశా.

వాళ్ళు మేలో ఇండియా వెళ్ళి జూన్ ఆఖర్న వచ్చారు. సరోజ మా ఇంటికి వచ్చి, కాఫీ తాగకుండా, గ్లాసు చేత్తో తిప్పుతూ కూచుంది.

"కృష్ణ ఒడ్డున పెట్టె విప్పాం పిన్నిగారూ. పంతులుగారు చెయ్యి పెట్టి, ఇది కట్టెల బూడిదమ్మా అన్నారు."

"ఆయనకేం తెలుసు?"

"లోపల సగం కాలిన బెరడు ముక్క ఉంది. తెల్లది. ఆయన ఎవరితోనూ అనొద్దన్నారు," అంది. ఆయన అంటే రాజగోపాల్.

"కలిపేశారా?"

"కలిపేశాం."

కట్టెల బూడిదని మంత్రాలు చదివి కృష్ణలో కలిపి వచ్చారు. నా చెంబుని గీసింది ఎవరి బూడిదో నాకప్పుడు తెలిసింది, ఆ సంగతి సరోజకి చెప్పలేదు. గ్లాసు తీసుకెళ్ళి కడిగేశా.

జూలైలో ఒక రోజు. బయట తొంభై నాలుగు డిగ్రీల ఎండ. కారుకి కావలసిన నూనె డబ్బా కోసం గరాజ్‌లోకి వెళ్ళా. లోపల ఉడికిపోతోంది, చెమట కళ్ళల్లోకి కారుతోంది. మూలనున్న బకెట్ తెల్లగా కనిపించింది. ఎవరైనా సున్నం వేశారా అనుకుని దగ్గరికెళ్ళి ముట్టుకున్నా. చల్లగా చర్మం అతుక్కుంది. బకెట్ చుట్టూ, మూత మీద, పిడి మీద, మంచు నూగు.

చాలాసేపు చూశా. ఏడాది పొడుగునా అన్నది నేనే కదా.

గుడ్డతో పట్టుకుని లోపలికి తెచ్చి పొయ్యి పక్కన పెట్టా. డాంపర్ తీశా. పేపరు చుట్టా. పుల్లలు పేర్చా. జూలైలో మా గొట్టంలోంచి పొగ రావడం చూసి పక్కింటి జర్మన్ ముసలాయన ఫెన్స్ మీంచి కేకేశాడు, ఆర్ యూ ఓకే అని. ఓకే అన్నా. ఆయనకేం చెప్తాను.

కట్టె అంటుకుంది. నేను పొయ్యి ముందు నేలమీద కూచుని చేతులు తుడుచుకుంటున్నా.

నా వెనక ఎవరో కుర్చీ ముందుకి లాక్కున్నారు.