ఉప్పుమళ్ల కాపలా ఇల్లు

సరిహద్దు అవతల, సముద్రపొడ్డున, ఉప్పుమళ్ల మధ్య ఓ పాడుబడ్డ కాపలా ఇల్లుంది. పొద్దుగూకితే అక్కడివాళ్లెవరూ అటు కన్నెత్తి చూడరట. లోపలికెళ్లినవాడితో ఎవరో మాటాడతారని... జవాబిస్తే ఇక వదలరని చెప్పుకుంటారట.

గాజువాక దేవీప్రసాద్‌కి ఇదేం తెలీదు. వైజాగ్ నేవీలో హెలికాప్టర్ మీద డ్యూటీ. మిసైల్ తగిలి అది కూలిన రాత్రి, చీలిన తొడతో పాక్కుంటూ వెళ్లి దూరింది ఆ ఇంట్లోకే. తనతోపాటు ఉన్న జాలారిపేట వీరేంద్ర ఏమయ్యాడో తెలీదు.

చుట్టూ శత్రు శిబిరాలు. గట్ల మీద టార్చిలైట్లు. చేతిలోని చిన్న రేడియోలో మనవాళ్లది ఒక్కటే మాట — "కదలొద్దు. వస్తున్నాం."

నెత్తురు పోతోంది. కళ్లు మూతలు పడుతున్నాయి...

అప్పుడు — చీకట్లో, పక్కనే —

"తొంగోకు బావా. కళ్లు ముయ్యకు."

వీరేంద్ర గొంతు! ప్రసాద్‌కి ప్రాణం లేచొచ్చింది.

"ఎక్కడున్నావురా? దెబ్బ తగిలిందేటి?"

"నాను బాగానే ఉన్నాను. బెల్టు తీసి తొడకి బిగించు... ఇంకా గట్టిగా."

బిగించాడు.

ఇంతలో బూట్ల చప్పుడు గుమ్మం దాకా వచ్చింది. దారి చూపించే పల్లెటూరివాడెవడో లోపలికి రానని మొరాయిస్తున్నాడు. వాడి భాష ప్రసాద్‌కి అర్థం కాలేదు గానీ, భయం అర్థమైంది.

బూట్లు వెనక్కి మళ్లాయి.

ఆ గొంతు మాత్రం రాత్రంతా ఆగలేదు. ప్రసాద్ తూగినప్పుడల్లా — "మాయమ్మ సేపల పులుసు తినాలి కదేటి? కళ్లు తెరువు బావా..."

తెల్లారగట్ల మన కమాండోలు దిగారు. బయట తూటాలు పేలుతూనే ఉన్నాయి. ప్రసాద్‌ని భుజాన వేసుకున్నారు.

"వీరేంద్ర... వాణ్ణి కూడా..."

"లోపలెవరూ లేరు. నువ్వొక్కడివే."

ఆ తర్వాత ఒళ్లు తెలీలేదు.

కళ్లు తెరిచేసరికి విశాఖలో ఆసుపత్రి. పక్క మంచం మీద, రెండు చేతులకీ కట్లతో — వీరేంద్ర!

ప్రసాద్ భోరుమన్నాడు. "రాత్రంతా నన్ను తొంగోనీకుండా మాటాడావు కదరా... నువ్వు లేకపోతే పోయేవాణ్ణి."

వీరేంద్ర ముఖంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు.

"నానేటి బావా? నన్ను మనోళ్లు ఉప్పుమళ్ల కాలవ అవతల తుప్పల్లోంచి తీశారు. నాను ఆ ఇల్లే సూడలేదు..."

తలుపు వైపు ఓసారి చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"మరి... రాత్రంతా నా పక్కన కూకొని, నన్ను తొంగోనీకుండా మాటాడింది... నువ్వు కాదేటి?"