హెల్మ్‌బీ చర్చి గేటు కాపలా

మా నాన్న శవం పట్నంలో చల్లటి గదిలో ఉంది. నేనేమో హెల్మ్‌బీ చర్చిలో పాత పుస్తకాలు తిరగేస్తున్నాను.

పుట్టిన ఊళ్లో, తన వాళ్ల పక్కన పడుకోవాలన్నది నాన్న చివరి కోరిక. అక్కడి సమాధుల తోటలో మిగిలింది ఒకే ఒక్క చోటు. తాతముత్తాతలది ఈ ఊరేనని రుజువు చూపిస్తే ఇస్తానన్నారు పాస్టరుగారు. అందుకే ఇనప్పెట్టెలోంచి తీసిన బాప్తిస్మాల పుస్తకాల ముందు కూర్చున్నాను. గదినిండా చెమ్మ వాసన, ఎలుకల కంపు.

చర్చి తాళాలు హెస్టర్ ప్లమ్ అనే ముసలావిడ దగ్గరుంటాయి. నేనంటే ఆవిడకు ఒళ్లుమంట. ఆ మిగిలిన చోటు, ఈ చలికాలం మొదట్లో పోయిన ఆవిడ మొగుడు సైలస్ సమాధి పక్కనే ఉంది. అది తనదేనని ఆవిడ ధీమా.

"ఊరొదిలి పోయినోళ్లకి చచ్చాక గుర్తొచ్చిందా ఊరు?" అనేది అల్లిక సూదులు ఆడిస్తూ. "మీ గాడ్‌బీ వంశమా? బురద తొక్కే కూలోళ్లు. వాళ్ల పేర్లు ఎవడు రాశాడమ్మాయ్?"

"రాశారండీ. వెతుకుతున్నా."

"వెతుక్కో. కళ్లు పోయేదాకా వెతుక్కో."

నాకూ ఆవిడంటే అసహ్యమే. పోనుపోను నాన్న కోరిక కన్నా ఆవిడ మీద కసే ఎక్కువైంది.

ఒకరోజు టీ వేళకే చీకటి పడింది. బయట వాన. కిటికీలోంచి చూస్తే గేటు దగ్గర ఎవరో మనిషి... టోపీ లేదు, కదలిక లేదు. హెస్టర్ కూడా చూసింది. సూదులు ఆగిపోయాయి. శాలువా పడేసి వానలోకి పరిగెత్తింది. తిరిగొచ్చాక గోడవైపు తిరిగి ఏడ్చింది.

మర్నాడు ఆవిడే పుస్తకం తెరిచి పెట్టింది. "ఇదిగో మీ తాత. ఇదిగో ఆయన్ని కన్నవాడు. తొందరగా తీసుకురా మీ నాన్నని."

జాలిపడిందనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని!

నాన్నను పూడ్చి అందరూ వెళ్లిపోయాక, హెస్టర్ నా చెవి దగ్గర నవ్వింది.

"ఆఖర్న పూడ్చినోడు ఈ గేటు కాయాలి. ఇంకో శవం వచ్చి విడిపించేదాకా. ఇది ఈ ఊళ్లో పసిపిల్లలకీ తెలుసు. నా సైలస్ చలికాలమంతా వానలో నానాడు. ఇవాళ పడుకున్నాడు. నేను రోడ్డవతల కొత్త స్మశానానికి పోతాలే."

"మరి... నాన్న?"

"ఈ తోట నిండిపోయింది, ఇక మూసేశారుగా. గొయ్యి అంత లోతెందుకో చూసుకోలేదా? రెండు పెట్టెలకు తవ్వించా." గొంతు తగ్గించింది. "పైది నీది."

పరిగెత్తాను. గేటు దగ్గర నాన్న నిలబడి ఉన్నాడు. పెట్టెలో ఉంచేముందు నేను గుండీలు పెట్టిన చొక్కానే. నన్ను ఏనాడూ పల్లెత్తు మాట అనని మనిషి... ఆ చూపులో పగ తప్ప ఏమీ లేదు.

"ఎప్పుడొస్తావ్?" అన్నాడు.

పట్నం చేరి తలుపులన్నీ గడియ పెట్టాను. మర్నాడు సాయంత్రం ఫోను మోగింది. హెస్టర్. నవ్వు లేదు. ఊపిరి అందడం లేదు.

"అమ్మాయ్... మీ నాన్న గేటు దగ్గర లేడు."

ఫోను చేతిలోనే ఉంది. కింద, గడియ పెట్టిన వంటింట్లో, ఎవరో తీరిగ్గా బూట్ల మట్టి దులుపుకుంటున్నారు.