ఎర్త్ వైరు

కోట బస్టాండు వెనక నా మెకానిక్ షెడ్డు. బోర్డు మీద మాల్యాద్రి అని నా పేరు ఉంటుంది. కొత్త బండ్లు షోరూములకు పోతాయి. నా దగ్గరికి వచ్చేవన్నీ పాతవే. ఉప్పు గాలికి తుప్పు పట్టినవి, చేపల బుట్టలు కట్టీ కట్టీ క్యారియర్లు వంగిపోయినవి.

ఆశ్వయుజంలో ఒక మధ్యాహ్నం చెంచులక్ష్మి ఒక బండిని ట్రాలీ ఆటోలో వేయించుకుని వచ్చింది. చూడగానే గుర్తుపట్టాను. అది ఆమె భర్త, వలలు వేసే పెంచలయ్య బండి. పది నెలల కిందట, చీకటి పడే వేళ, పెంచలయ్య ఆ బండి మీద సముద్రం ఒడ్డున తమ ఊరు పాళెం పోతూ మలుపు దగ్గర తూము మీద నుంచి కాలువలో పడి చనిపోయాడు.

"బాగు చెయ్యన్నా," అంది చెంచులక్ష్మి.

"అమ్మేస్తావా అమ్మా?"

"అమ్మను. నేనే తోలుకుంటా, నేర్చుకున్నా. తెల్లారుజామున నాలుగింటికి చేపలు ఎత్తుకుని ఈడికి రావాల. ఇంజను కాస్త అటూ ఇటూ ఉన్నా ఫర్వాలేదు. లైటు మాత్రం బాగుండాల."

నేను తల వంచుకుని, పెట్టెలో స్పానరు వెతుకుతున్నట్టు నటించాను.

చనిపోయిన రోజు పెంచలయ్య నా దగ్గరికే వచ్చాడు. లైటు ఒక్కోసారి మసకేస్తోంది, హ్యాండిల్ తిప్పితే ఆరిపోతోంది అన్నాడు. హ్యాండిల్ తిప్పితే ఆరేది బల్బు పాడై కాదు. ఆ సంగతి ఏ మెకానిక్కయినా చెప్తాడు. హ్యాండిల్ మెడ దగ్గర ఎర్త్ వైరు నలిగి తెగి ఉంటుంది. అది సరిచెయ్యాలంటే హెడ్‌లైటు డూమ్ విప్పాలి, ట్యాంకు దించాలి, గంట పని. ఆ సాయంత్రం హైస్కూలు మైదానంలో కబడ్డీ ఫైనల్సు. కూత నా షెడ్డుకు వినిపిస్తోంది. కొత్త బల్బు పెట్టి, లైటు వేసి చూపించి, "ఇంకేం కాదు, పో," అన్నాను. పెంచలయ్య నవ్వి బండెక్కాడు.

మర్నాడు టీ బంకు పద్మనాభయ్య, "తాగి పడినట్టుండాడు," అన్నాడు. అందరూ నా వైపు చూశారు, చివరిసారి అతన్ని చూసినవాణ్ణి నేనే కాబట్టి.

"అంతే ఉంటాది," అన్నాను.

ఆ రెండు మాటలూ నేనే అన్నాను. పాళెం దాకా పోయినాయి. తాగి చచ్చినాడని అతని సొంత అన్నదమ్ములు కూడా కర్మకాండకు మొహాలు వేలాడేసుకుని వచ్చారట. నేను అదీ విన్నాను. నోరు విప్పలేదు.

చెంచులక్ష్మి వెళ్ళిపోయాక డూమ్ విప్పాను. ట్యాంకు దించాను. వైరు నేను అనుకున్న చోటే, అనుకున్నట్టే తెగి ఉంది. చివర్లు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. తర్వాత శుభ్రంగా గీకి, అతికి, నల్ల టేపు మూడు చుట్లు చుట్టాను. కాయిల్ చూశాను, స్విచ్ చూశాను, హోల్డరు మార్చాను. ఎప్పుడూ ఏ బండికీ అంత శ్రద్ధగా చెయ్యలేదు.

మూడో రోజు సాయంత్రం ఆరున్నరకు బండి ఆమెకు ఇచ్చి రావడానికి బయల్దేరాను. లైటు దివ్యంగా ఉంది. కోట దాటాను, పొలాలు దాటాను. రొయ్యల గుంటలు మొదలయ్యాయి. ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్న చప్పుడు, మేత వాసన, మధ్యమధ్య సరుగుడు తోటల్లోంచి ఈల వేసినట్టు గాలి. ఆకాశంలో వెలుగు మెల్లగా ఇంకిపోయింది. నేను రెండుసార్లు కావాలనే హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి చూశాను. లైటు చెక్కుచెదరలేదు. కొంచెం ధైర్యం వచ్చింది.

తూము మీదికి ఎక్కాను. లైటు ఆరిపోయింది.

బ్రేకు వేశాను. ఇంజను కూడా ఆగింది. అదే క్షణంలో కరెంటు పోయినట్టుంది, గుంటల్లో ఏరేటర్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. కింద కాలువలో నీళ్ళు తూము గోడను నాకుతున్న చప్పుడు మాత్రం...

ఫోను తీశాను. దాని టార్చి వెలగలేదు. చీకట్లో తడుముకుంటూ బండికి సెంటర్ స్టాండు వేసి, ముందు గొంతుక్కూర్చుని, జేబులోని స్క్రూడ్రైవరుతో డూమ్ స్క్రూలు విప్పాను. ఇరవై ఏళ్ళ అలవాటు, చూడక్కర్లేదు. బల్బును హోల్డర్ నుంచి ఊడదీసి అరచేతిలో పెట్టుకున్నాను.

అప్పుడు నా మోకాలికి ఆనుకుని ఉన్న ముందు చక్రం నేల మీద నుంచి కొంచెం పైకి లేచింది.

స్టాండు వేసిన బండి వెనక సీటు మీద ఎవరైనా కూర్చుంటే ముందు చక్రం అట్లాగే లేస్తుంది. రోజూ చూసేదే. స్ప్రింగులు కిర్రుమన్నాయి. తర్వాత ఆగాయి. కూర్చున్నవాళ్ళు సర్దుకుని కుదురుకున్నట్టు.

నేను తల ఎత్తలేదు.

"అన్నా..."

మగ గొంతో, ఆడ గొంతో చెప్పలేను. గుసగుసలో ఆ తేడా తెలియదు.

"లైటు... బాగయిందా అన్నా?"

ఏదో ఒకటి చెప్పాలి. బల్బు మార్చాను అనబోయాను. అవే మాటలు నాలుక మీదికి వచ్చాయి, పది నెలల కిందట వచ్చినట్టే, అంత తేలిగ్గా. నా మీద నాకే అసహ్యం వేసింది.

"లేదు," అన్నాను. "ఆ రోజు... వైరు తెగిందని నాకు తెలుసు. తెలిసే పంపించినా."

అరచేయి వెచ్చబడింది. చూశాను. చేతిలో బల్బు వెలుగుతోంది. దానికి ఏ వైరూ తగిలి లేదు. ఇంజను ఆగి ఉంది. ఎర్రగా మొదలై, పసుపై, తెల్లనై... చర్మం కాలింది. పారేసి పరుగెత్తాను. వెనక్కి చూడలేదు.

పాళెంలో చెంచులక్ష్మి ఇంటి ముందు పడ్డాను. ఆమె నీళ్ళు ఇచ్చింది. నేను తాగకుండా మొత్తం చెప్పాను. కబడ్డీ సంగతి కూడా. టీ బంకు దగ్గర నేను అన్న మాట కూడా. ఆమె గుమ్మానికి ఆనుకుని విన్నది. ఏడవలేదు, తిట్టలేదు.

"తాగలేదని నాకు తెలుసు," అంది చివరికి. "నేను చెప్తే ఎవురూ నమ్మలా. పొద్దున పడవల కాడికి వచ్చి నువ్వు చెప్పు."

ఆ రాత్రి ఆమె నన్ను పోనివ్వలేదు, తిండి పెట్టలేదు. అరుగు మీద కూర్చున్నాను.

తెల్లవారి పడవల దగ్గర ఇరవై మంది ఉన్నారు. వలల్లోంచి చేపలు ఏరుకుంటున్నారు. నిలబడి చెప్పాను. గొంతు రాకపోతే చెంచులక్ష్మి, "గట్టిగా," అంది. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఎవరూ నన్ను కొట్టలేదు. పెంచలయ్య అన్న ఒక్కడు లేచి, నా మొహం చూడకుండా సముద్రం వైపు నడిచి, మోకాళ్ళ లోతు నీళ్ళలో చాలాసేపు నిలబడ్డాడు. కొట్టి ఉంటే బాగుండేదనిపించింది.

తర్వాత నేనూ ఆమే తూము దగ్గరికి నడిచాం. బండి స్టాండు మీద అలాగే ఉంది. డూమ్ మాత్రం మూసి ఉంది. స్క్రూలన్నీ బిగించి ఉన్నాయి.

"నువ్వే మూసినావా?" అని అడిగింది.

కాదన్నాను. నా చెయ్యి బొబ్బలెక్కి ఉంటే ఆమే స్క్రూడ్రైవరు తీసుకుని విప్పింది. బల్బు దాని చోట్లో ఉంది. వేళ్ళు లోపలికి పోనిచ్చి వైరు పైకి లాగింది. నేను చుట్టిన నల్ల టేపు లేదు. అతుకు మీద తెల్లటి దారంతో వరసగా ముడులు వేసి ఉన్నాయి. చిన్నవి, దగ్గర దగ్గరగా, ఓపిగ్గా.

"పెంచలయ్య..." అన్నాను. వల ముడి అనుకున్నాను. ఆ మాట అంటుంటే భయంతో పాటు కొంచెం ఊరట కూడా కలిగిన మాట నిజం.

చెంచులక్ష్మి ఆ ముడులను వేలితో తడిమింది. మళ్ళీ తడిమింది.

"ఇది వల ముడి కాదన్నా," అంది నెమ్మదిగా. "ఆయనకు ఇది వెయ్యడం రాదు. ఇది ఆడోళ్ళు పూలు కట్టే ముడి."

నేను ఆమె వైపు చూశాను.

"నాది కాదు. నేను పూలు ముట్టి పది నెలలయింది." ఆమె వేలు వెనక్కి తీసుకుంది. "నీ దగ్గర బండి బాగుచేయించుకుని ఈ దోవన వచ్చి, ఇల్లు చేరనోళ్ళు ఇంకెవురున్నారు?"

గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. ఎన్ని బండ్లు, ఎన్ని బల్బులు... ఒక్క మొహమూ గుర్తు రాలేదు. అతుకు మీది దారం అప్పుడే నీళ్ళలో ముంచి కట్టినట్టు తడిగా ఉంది. మేం చూస్తుండగానే, దాని చివర మరో ముడి బిగిసింది.