లక్క గాజులో శాంపిల్

1988 మార్చి. ఉదయం తొమ్మిదింటికి శాలిబండ బస్‌స్టాప్‌లో ఏజెంట్ బాలకిషన్‌ను కాల్చి చంపారు.

పదిన్నరకు అతని పార్ట్‌నర్ నర్సింహ మలక్‌పేటలోని సీక్రెట్ ఆఫీసులో బ్రీఫింగ్ వింటున్నాడు. పన్నెండేళ్లు కలిసి పనిచేసిన మనిషి పోయాడు. ఏడుపు రాలేదు. చాయ్ ఇస్తే తాగాడు. రుచి తెలియలేదు.

"ల్యాబ్‌లో పోయిన శాంపిల్‌ను లక్క గాజులో దాచారు. ఇవాళ రెండింటికి అది లాడ్ బజార్‌లో చేతులు మారుతోంది. మన డబుల్ ఏజెంట్ రాధ ఫోన్ చేసింది," అన్నాడు చీఫ్ వీరరాఘవరావు. "తీసుకునేవాడు విదేశీ దౌత్యవేత్త. వాడి జేబులో పడ్డాక సోదా చేసే హక్కు మనకు లేదు."

సైంటిస్ట్ శారదాంబ కాగితం మీద పక్కపక్కనే రెండు గీతలు గీసింది.

"బియ్యపుగింజంత గాలియం ఆర్సెనైడ్ ముక్కండీ. విపరీతమైన చలిలో, బలమైన అయస్కాంతం మధ్య పెడితే ఎలక్ట్రాన్లు దాని అంచు వెంబడే పరుగెడతాయి. ఇలా రెండు దారుల్లో. ఒక దారిలోది రెండోదాన్లోకి దాటదు. అయినా దాని ఎనర్జీ పక్క దారిలోని వాటికి పోతూనే ఉంటుంది. ఈ ఒక్క శాంపిల్‌లోనే ఆ నష్టం దాదాపు ఆగింది. ఎందుకాగిందో వాళ్లకు తెలిస్తే మనకన్నా పదేళ్లు ముందుంటారు."

"వాపస్ తేలేకపోతే?" అన్నాడు నర్సింహ.

"వాళ్లకు మాత్రం దక్కనివ్వకండి."

రెండుకు పది నిమిషాలు. మాసిన గడ్డం, కళ్లకు సుర్మాతో, గాజులు చేసేవాడి వేషంలో నర్సింహ ఒక దుకాణం ముందు నిప్పుల కుంపటి దగ్గర లక్క సాగదీస్తున్నాడు. చొక్కా గుండీలో కెమెరా. పట్టుచీర, నల్లకళ్లద్దాలతో రాధ వచ్చి ఎదురుగా కూర్చుంది. చేతికి నీలిరాళ్ల గాజు.

"గాజు ఇయ్యి," అన్నాడు తలెత్తకుండా.

"కుదరదు. అత్తరు దుకాణంలోంచి ఇద్దరు నన్నే చూస్తున్నారు."

"బాలకిషన్ పేరు వాళ్లకెవరు చెప్పిన్రు?"

రాధ గాజు తిప్పుకుంది. "నేనే. నన్ను అనుమానించారు. ఎవరో ఒకరి పేరు చెప్పాల్సొచ్చింది."

"గట్లనా," అన్నాడు నర్సింహ. లోపల కోపం కోసం వెతికాడు. దొరకలేదు.

సరిగ్గా రెండింటికి టూరిస్టు టోపీతో తెల్లవాడొకడు ఆగాడు. "నీలం గాజు ఉందా?"

"ఒక్కటే మిగిలింది," అని రాధ కోడ్ పూర్తిచేసి గాజు తీసి చాపింది. తెల్లవాడి వేళ్లు దానికి జానెడు దూరంలో ఉన్నాయి.

నర్సింహ గాజు లాక్కున్నాడు. "ఢీలా ఉంది సాబ్, బిగిస్త. ఏక్ మినిట్." కుంపట్లో పడేశాడు. లక్క భగ్గుమంది. తెల్లవాడు అరుస్తూ పట్టకారుకు చెయ్యి చాపాడు. నర్సింహ గాజును అరచేత్తోనే నిప్పుల్లోకి అదిమిపట్టాడు.

మఫ్టీ పోలీసులు అత్తరు దుకాణంలోని ఇద్దరినీ, రాధనూ జీపెక్కించారు. దౌత్యవేత్త టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు. అతన్ని ఎవరూ ఆపలేదు.

సాయంత్రం శారదాంబ నల్లటి పెళ్లను కాగితంలో చుట్టుకుంది. "మళ్లీ చేస్తాను. ఏడాదిన్నర పడుతుంది." అప్పుడు అతని చెయ్యి చూసింది. "అయ్యో, బొబ్బలెక్కింది! మంట తెలియలేదా?"

నర్సింహ అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు.

"ఇంకా తెల్వలేదమ్మా. తెలిసిన్నాడు రిపోర్ట్‌ల రాస్త."