కార్డులో భార్య

“పేషెంటు భార్య ఎవరు? ఒక్కరే లోపలికి రండి!”

నర్సు పిలుపు వినగానే భూదేవి లేవబోయింది. పక్కనున్న తోటికోడలు సత్తమ్మ ఆమె భుజం నొక్కి కూర్చోబెట్టి, తానే కొంగు సర్దుకుని ఎమర్జెన్సీ గదిలోకి వెళ్లిపోయింది. అయ్యో, తాళి కట్టించుకున్న మనిషి బయట బల్ల మీద... మంచం పక్కన భార్యనంటూ నిలబడ్డది మరొకరు! ఇంతకన్నా విడ్డూరం ఎక్కడైనా ఉంటుందా?

అంతా ఆ ఆరోగ్య బీమా కార్డు తెచ్చిన తంటా. తమ ఊరు విరూర్‌లో పేర్లు నమోదు చేసే శిబిరం పెట్టినప్పుడు భూదేవి ఎంత మొత్తుకున్నా, “పత్తి ఎవలు ఏరుతరు? నాకేం రోగమొచ్చిందే?” అని నవ్వేసి ఆమె భర్త ఎల్లన్న చేనుకు పోయాడు. అతని అన్న, సత్తమ్మ భర్త రాజన్న మాత్రం బుద్ధిగా వెళ్లి తన కార్డు చేయించుకున్నాడు. ఇప్పుడు నాగటి కర్రు దిగిన కాలు చీము పట్టి, ఆ విషం రక్తంలోకి ఎక్కి, ఎల్లన్నను స్పృహ లేకుండా చంద్రపూర్‌కు, అక్కడి తుకుం పేటలోని ఈ ఆసుపత్రికి తెచ్చారు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే పోలిక. “మా ఆయన కార్డు మీద చేర్పిద్దాం చెల్లె, నువ్వు నోరు మెదపకు. బయటపడ్డదంటే ఆ కార్డు మీదనే కావాల్సిన మా ఆయన తుంటి ఆపరేషన్ గూడ ఆగిపోతది!” అని సత్తమ్మ దారి పొడవునా చెప్పింది. మరిది మీది ప్రేమతోనే చెప్పింది పాపం.

తలుపు సందులోంచి భూదేవికి అన్నీ వినబడుతున్నాయి. డాక్టర్ స్వప్న బల్లార్పూర్ బొగ్గుగనిలోని తెలుగు కార్మికుల ఇంటి పిల్ల, తెలుగులోనే అడుగుతోంది.

“రాజన్న పోయినేడు ఇక్కడ్నే ఉన్నడు గదా? అప్పుడిచ్చిన పెన్సిలిన్ సూది మంచిగనే పడ్డదట. అదే ఇస్తున్న. ఆయనకు పడని మందు ఏదన్న ఉన్నదా?”

“లేదు మేడం, మా ఆయనకు అన్నీ పడతయ్,” అంది సత్తమ్మ. అందులో అబద్ధమేముంది? ఆమె భర్తకు అన్నీ పడతాయి!

భూదేవి ఆ సూది పేరు గుర్తుపట్టింది. పెళ్లయిన కొత్తలో బామ్నిలోని ఆమె పుట్టింట ఎల్లన్నకు జ్వరమొస్తే ఆ సూదే వేశారు. చూస్తుండగానే మొహం ఉబ్బి, ఊపిరందక, ఆమె ఒళ్లోనే గిలగిల కొట్టుకున్నాడు... కోడలి పుట్టింట్లో కొడుకు ప్రాణం మీదికొచ్చిందని అత్తవారు ఆడిపోసుకుంటారేమోనన్న భయంతో ఆ సంగతి అక్కడే కప్పిపెట్టారు. ఇప్పుడు నోరు విప్పితే కార్డు పోతుంది, బావ ఆపరేషన్ పోతుంది, అక్క మొహం చూసే ధైర్యం జన్మలో ఉండదు. విప్పకపోతే?... నర్సు సిరంజిలోకి మందు లాగుతోంది! భూదేవి తలుపు తోసుకుని లోపలికి ఉరికింది.

“ఆగుండ్రి డాక్టరమ్మా! ఆయన రాజన్న గాదు... ఎల్లన్న! నా పెనిమిటి! ఆ మందు ఆయనకు పడదు, సచ్చిపోతడు!”

“భూదేవీ!” సత్తమ్మ కేక పెట్టింది.

డాక్టర్ చప్పున నర్సు చెయ్యి పట్టుకుంది. ఇంకో మందు చెప్పి, అది నరంలోకి ఎక్కడం మొదలయ్యేదాకా వాళ్ల వైపు చూడనే లేదు. ఆ తర్వాతే వాళ్లను నిలదీసింది.

“కార్డు లేకుంటే మందు ఆపుతనా అమ్మా? మీరు చెప్పిన పేరు నమ్మి, నా చేతులతోని మనిషిని చంపుతుంటి గదా! ఈ సంగతి నేను ఆఫీసుల చెప్పాల్సిందే. రాజన్న కార్డు ఏమైతదో నా చేతిల లేదు.”

సత్తమ్మ భూదేవి వైపు తిరిగింది. “మంచి జేద్దామనుకున్న చెల్లె... ఆయనకేం పడదో తెల్వకుంటనే భార్యనని నిలబడ్డ!”

“అక్కా, బావ ఆపరేషన్...”

“మీ బావ కుంటుకుంటనన్న బతుకుతడు. ఈయన?” అని సత్తమ్మ భోరున ఏడ్చేసింది.

సాయంత్రానికి ఎల్లన్న కళ్లు తెరిచాడు. గండం పూర్తిగా గడవలేదని డాక్టర్ చెప్పింది. సత్తమ్మ భర్తకు ఫోన్ చేసి, జరిగిందంతా దాచకుండా చెప్పింది. అంతా విని రాజన్న ఫోన్ భూదేవికి ఇమ్మన్నాడు.

“బావా, నన్ను...” అంటూనే భూదేవి ఏడ్చేసింది.

“ఏడ్వకు బిడ్డా! నువ్వు ఊకున్నవంటే, నా తమ్ముడు నా పేరు మీద పోయేటోడు.”