గోడ తట్టి ఆగడం

"మీ భాష వల్ల మా ఆర్టిస్టు గొంతు పోయింది!" అన్నాడు సౌండబ్బాయి, తలుపు కూడా తట్టకుండా లోపలికొచ్చి.

మాటలమ్మాయి తలెత్తలేదు. "గొంతు ఆయనది కదండీ, ఆయనే చూసుకోవాలి."

"వాక్యం నిండా ఖ, ఘ తప్ప ఇంకో అక్షరం లేదు. మనిషన్నవాడు పలికే మాటలేనా అవి?"

"మనిషన్నవాడి కోసం రాయలేదు. మరుగుజ్జుల కోసం రాశాను."

జవాబు లేనప్పుడు వెళ్ళిపోవాలన్న ఇంగితం కూడా ఆ రోజుకి లేకపోయింది. అక్కడే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

అది కంప్యూటర్ గేములు తయారుచేసే చిన్న కంపెనీ. ఇప్పుడు చేస్తున్న ఆటలో కొండ కింద గనుల్లో మరుగుజ్జులు బతుకుతుంటారు. వాళ్ళకో సొంత భాష కావాలి. ఆ భాషని మాట మాటా పుట్టించడం ఈ అమ్మాయి ఉద్యోగం. ఆ మాటల్ని ఆర్టిస్టుల చేత పలికించి రికార్డు చేయడం అతని ఉద్యోగం. కంపెనీ అతని అక్కది. ఆఫీసులో మాత్రం మేడమ్ అనాలని ఆవిడ గట్టి ఆర్డరు.

ఇద్దరూ చూడ్డానికి బాగానే ఉంటారు. ప్రేమకథ కాబట్టి ఇంకాస్త వర్ణించాలి కానీ, అమ్మాయికి కళ్ళజోడు, అబ్బాయికి మెడలో ఎప్పుడూ హెడ్‌ఫోన్స్ అని చెబితే చాలు.

"ఏదీ, మీ వాళ్ళ భాషలో ఆకాశానికి ఏమంటారు?" అని అడిగాడు.

"ఏమీ అనరు. వాళ్ళెప్పుడూ చూడలేదు."

"సముద్రానికి?"

"అదీ అంతే. అవసరం లేని మాట భాషలోకి రాకూడదు. అది నా రూలు. రాయికి మాత్రం బోలెడు మాటలున్నాయి. తడి రాయి వేరు, పగలబోయే రాయి వేరు, నెత్తిన పడదని నమ్మగలిగిన రాయి వేరు."

"నమ్మగలిగిన మనిషికో?"

"అదే మాట," అంది. అప్పుడు మొదటిసారి తలెత్తి చూసింది. చూపు బాగానే తగిలింది అతనికి. ఆర్టిస్టు గొంతు సంగతి మరిచిపోయాడు.

ఆ రోజునుంచి పద్ధతి మార్చారు. ముందు మాటలమ్మాయే ప్రతి మాటా పలుకుతుంది, అతను రికార్డు చేస్తాడు, ఆర్టిస్టులు అది విని నేర్చుకుంటారు. రికార్డింగ్ గదిలో ఆమె, గోడకి ఇవతల అతను. మధ్యలో చిన్న గాజు పలక. అతను బటన్ నొక్కి మాట్లాడితేనే ఆమెకి వినబడుతుంది. మైకు ఆన్‌లో ఉన్నంతసేపూ ఆమె ఊపిరి కూడా అతనికి వినబడుతుంది. అలా రోజూ ఒక అమ్మాయి ఊపిరి చెవుల్లో పెట్టుకుని కూర్చున్నవాడు ఏమవుతాడో వేరే చెప్పాలా? అయ్యాడు. నోరు మాత్రం పెగల్లేదు.

ఓ సాయంత్రం వాన దంచి కొట్టింది. ఆఫీసు పైకప్పు రేకులది. ఆ మోతలో రికార్డింగు కుదరక ఆపేశారు.

"వానకి మీ వాళ్ళేమంటారు?" అన్నాడు బటన్ నొక్కి.

"వాళ్ళకి వాన లేదండీ. అదృష్టవంతులు, వాళ్ళ పని ఆగదు."

అంతలో ఆమె ఫోన్ మోగింది. వాళ్ళమ్మ. "అవునమ్మా, వేరే ఊళ్ళో కంపెనీ వాళ్ళు రమ్మంటున్నారు. ఈ ఆట అవ్వగానే చేరమన్నారు... ఏమో, ఇంకా తేల్చుకోలేదు. ఇక్కడ ఉండిపొమ్మని అనేవాళ్ళెవరున్నారు?"

మైకు కట్టేయడం అతను మరిచిపోయాడు. ప్రతి అక్షరం చెవుల్లో పడింది. హెడ్‌ఫోన్స్ మెడలోకి లాక్కుని, ఏమీ విననట్టు మొహం పెట్టి కిటికీలోంచి వాన చూశాడు. అలాంటి మొహం పెట్టడం అతనికి సరిగ్గా రాదు. అయినా ఆ రోజు ఏమీ అనలేదు. మర్నాడూ అనలేదు.

ఇలా ఉండగా అక్క ఓ పిడుగు పడేసింది. "గనిలో పనిచేసే కుర్రాడు కొలిమి దగ్గరి పిల్లకి ప్రేమిస్తున్నానని చెప్పాలి. ఆ మాట ఇవ్వమ్మా."

"వాళ్ళకి ఆ మాట లేదు మేడమ్."

"లేకపోతే పుట్టించు. నువ్వున్నది అందుకే కదా?"

"మనం అనుకునేది తెచ్చి అతికిస్తే అబద్ధంలా ఉంటుంది మేడమ్."

"శుక్రవారం లోపల సీను పండాలి. పండకపోతే భాష మొత్తం తీసేస్తాను. ఆర్టిస్టులు గుర్రుమంటే చాలు, అర్థం తెర కింద అక్షరాల్లో వేసుకుందాం."

మాటలమ్మాయి మొహం మాడిపోయింది. ఇన్ని నెలలు కూర్చుని కన్న భాష అది. ఆ సాయంత్రం సౌండబ్బాయి గదికొచ్చి నీరసంగా కూలబడింది. "చీకట్లో పుట్టి, చీకట్లో పెరిగినవాళ్ళు. ఒకరి మొహం ఒకరికి సరిగ్గా కనబడదు. ఇంక ప్రేమించి ఏం చేస్తారండీ?"

అతను గాజు పలక అవతలికి చూపించాడు. "ఆ గదిలో కరెంటు పోయిందనుకోండి. మీరు లోపల ఉన్నారో లేదో నాకు తెలీదు. అప్పుడు నేను గోడ తడతాను. మీరు తిరిగి తడతారా లేదా అని ఆగుతాను. ఆ ఆగడం ఉంది చూశారూ, ప్రాణం తీస్తుంది."

ఆమె చప్పున నిటారుగా కూర్చుంది. తర్వాత నెమ్మదిగా పలికింది. "ఓర్డుమ్."

"అంటే?"

"గోడ తట్టి, జవాబు కోసం ఆగడం. ఇంతకన్నా వాళ్ళకి ప్రేమెందుకు?"

"మరి జవాబుకి మాట?"

"మాట ఉండదు. తిరిగి తట్టడమే."

ఆర్టిస్టులు రాకముందే సీను ఎలా ఉంటుందో అక్కకి వినిపించాలి కాబట్టి వీళ్ళిద్దరే పలికి చూశారు. అతను 'ఓర్డుమ్' అన్నాడు. ఆమె కాస్త ఆగి గోడ తట్టింది. బాగా వచ్చింది. అతను దాన్ని శుభ్రం చేసి శుక్రవారం పొద్దున్నే తన గదిలో అక్కకీ, మాటలమ్మాయికీ వినిపించాడు.

అక్క విని పెదవి విరిచింది. "ఇదేం ప్రేమరా? ఇటు పిలవగానే అటు టక్కుమంది. కొరియర్ వాడు వచ్చినట్టుంది. వద్దు, భాష తీసేద్దాం."

మాటలమ్మాయి అతని వైపు తిరిగింది. "మధ్యలో నేను ఆగాను కదా? అదేది?"

"ఖాళీయే కదా అని కోసేశాను," అన్నాడు అమాయకంగా. సౌండు పనివాళ్ళ జబ్బు అది. చప్పుడు లేని చోటు కనబడితే కత్తెర వేయందే చెయ్యి ఊరుకోదు.

"ఆ ఖాళీయే కదండీ ప్రేమ! మిగతాదంతా గోడ!" ఆమె లేచింది. "దేన్ని ఉంచాలో మీకు తెలీదు. ఎప్పుడు నోరు తెరవాలో అసలే తెలీదు."

విసురుగా రికార్డింగ్ గదిలోకి వెళ్ళి తన పుస్తకాలు సంచీలో సర్దుకోవడం మొదలుపెట్టింది. గాజు పలకలోంచి ఆమె వీపు కనబడుతోంది.

"అక్కా, ఒక్క ఛాన్సివ్వవే," అన్నాడు.

"ఆఫీసులో అక్కా ఏంట్రా?" అంది కానీ, కాఫీ కప్పు పట్టుకుని కూర్చుంది.

అతను హెడ్‌ఫోన్స్ తను పెట్టుకుని, అక్కకీ ఒకటి ఇచ్చి, రికార్డింగ్ పెట్టి, మైకు ఆన్ చేసి బటన్ నొక్కాడు. "వాన రోజు మీరు ఫోన్‌లో మాట్లాడింది విన్నాను. మైకు కట్టేయలేదు, తప్పు నాదే. ఉండిపొమ్మని అనేవాళ్ళు ఎవరున్నారన్నారు. నేనున్నాను. నేనంటున్నాను." మైకు దగ్గరికి వంగాడు. "ఓర్డుమ్."

గోడ తట్టి, ఆగాడు.

సంచీ సర్దే చప్పుడు ఆగిపోయింది. అక్క కప్పు నోటి దాకా వచ్చి అక్కడే ఉండిపోయింది. హెడ్‌ఫోన్స్‌లో ఊపిరి వినబడుతోంది, అంతే. ఇంకేదైనా అందామని నోరు తెరిచి, మూసుకున్నాడు. ఈసారి ఖాళీని ముట్టుకోదల్చుకోలేదు.

టక్.

హెడ్‌ఫోన్స్‌లో ఆమె గొంతు మెల్లగా వచ్చింది.

"మైకు ఆన్‌లో ఉంటే ఇక్కడ ఎర్ర లైటు వెలుగుతుంది. నా కళ్ళెదురుగానే ఉంటుంది, మహానుభావా. ఆ రోజు వినబడాలనే అన్నాను. గోడ తట్టింది ముందు నేను. అప్పట్నుంచీ ఆగుతూనే ఉన్నాను."

అక్క కప్పు కింద పెట్టింది. "ఒరేయ్, ఇదంతా రికార్డయిందా?"

"అయింది."

"అయితే సీనుకి ఇదే వాడదాం. భాష ఉంటుంది. ఆ ఫోను గొడవంతా తీసెయ్, ఆ ఖాళీ జోలికి మాత్రం వెళ్ళావో, చేతులు విరగ్గొడతాను." బటన్ తనే నొక్కింది. "అమ్మాయ్, సంచీ కింద పెట్టు. మా అమ్మతో నేను మాట్లాడతాను, మీ అమ్మతో నువ్వు మాట్లాడు. ఇంట్లో వదినా అను, ఇక్కడ మాత్రం మేడమే."

ఆట విడుదలైంది. కొలిమి సీను దగ్గర ఆట బిగుసుకుపోతోందని, చప్పుడేమీ రావడం లేదని, సరిచేయమని ఆడినవాళ్ళు చాలామంది రాశారు. సౌండబ్బాయి అందరికీ ఒకే జవాబు పంపాడు.

"బాగానే ఉందండీ. కాస్త ఆగండి, తడుతుంది."