పిడుగు ఆడకూడని మ్యాచ్

ఉదయం 6:40. హాస్టల్ నాలుగో గదిలో మంచం ఖాళీగా ఉంది.

పద్నాలుగేళ్ల కుర్రాడు మాయమయ్యాడు. స్కూల్ రగ్బీ జట్టుకు ప్రాణం వాడు. అందరూ పిడుగు అంటారు.

7:15కి ఇన్‌స్పెక్టర్ వచ్చింది. బూట్లు మంచం కిందే ఉన్నాయి. కిటికీకి లోపలినుంచి దుప్పటి కట్టి ఉంది. ఆమె ముడి మీద వేలు పెట్టి చూసింది. దుమ్ము అంటింది.

"కిడ్నాప్ మేడమ్," అన్నాడు కోచ్. "వాచ్‌మన్ కంటపడకుండా దుప్పటి కట్టారు. ఎల్లుండి మాకు ఫైనల్. అవతలి స్కూల్ సెలెక్టర్ నెలరోజులుగా వీడి వెంటే తిరుగుతున్నాడు."

"ఏం పోయాయి?"

"మౌత్‌గార్డ్ ఒక్కటే."

ఆటలో పళ్లకి పెట్టుకునే ఆ తొడుగు వాడి పళ్ల అచ్చుతో చేసింది. ఇంకెవరికీ పనికిరాదు. అంటే ఎక్కడో ఆడటానికే వెళ్లాడు. ఇన్‌స్పెక్టర్ కోచ్‌ని జీపెక్కించుకుంది.

8:50. అవతలి స్కూల్ ఆఫీసు గది. పిడుగు అక్కడే ఉన్నాడు, కొత్త బూట్లతో. లాండ్రీలో పనిచేసే తల్లి వాడి పక్కన, ఆమె చెయ్యి పట్టుకుని చెల్లెలు.

"తల్లి సంతకం ఉంది మేడమ్," అన్నాడు సెలెక్టర్ తాపీగా. "పదింటికి సెలక్షన్ మ్యాచ్. రాణిస్తే అన్నాచెల్లెళ్లిద్దరికీ చదువైపోయేదాకా ఉచితంగా సీట్లు."

కిడ్నాప్ కాదని తేలిపోయింది. ఇన్‌స్పెక్టర్ మాత్రం కోచ్ వైపు తిరిగింది.

"దుప్పటి ముడికి దుమ్ము పట్టింది. కట్టి రెండు మూడు రోజులైంది. ఎత్తుకెళ్లేవాడు అంత ముందుగా వచ్చి కట్టిపోడు కదా. కట్టింది పిడుగే. వెలుతురు చూడలేక. తలకి గట్టి దెబ్బ తగిలితేనే అలా వెలుతురు పడదు. ఎప్పుడు తగిలింది?"

కోచ్ చెప్పక తప్పలేదు.

"మంగళవారం ప్రాక్టీస్‌లో. రెండు నిమిషాలు స్పృహ లేదు. డాక్టర్‌కి చూపిస్తే ఫైనల్ ఆడనివ్వరని..."

"రాసివ్వండి."

"రాస్తే ఉద్యోగం పోతుంది. నేనేమీ చెప్పలేదనే అంటాను."

సెలెక్టర్ ఫైలు తెరిచాడు. "మా డాక్టర్ పొద్దున్నే ఫిట్ అని రాశాడు. మీ దగ్గర కాగితం ఏదైనా ఉందా?"

లేదు.

"నాన్నా, తలనొప్పిగా ఉందా?" అడిగింది తల్లి.

పిడుగు చెల్లెలి వైపు చూశాడు. "లేదమ్మా."

"మళ్లీ దెబ్బ తగిలితే ప్రాణం మీదికొస్తుందమ్మా," అంది ఇన్‌స్పెక్టర్. "ఈ నెల ఆగండి."

తల్లి సెలెక్టర్ని అడిగింది. "వచ్చే నెల ఆడిస్తారా అయ్యా?"

"లిస్టు ఇవాళే. బయట ఇరవైమంది కూర్చున్నారు."

ఇన్‌స్పెక్టర్ పై అధికారికి ఫోన్ చేసింది. "కుర్రాడు దొరికాడుగా, ఇంకేం కేసు? వచ్చెయ్," అన్నాడాయన. ప్రభుత్వ డాక్టర్ ఫోన్ ఎత్తలేదు. ఆమె చేతిలో ఉన్నది ఒక్కటే. అంబులెన్స్ పిలిపించి గేటు దగ్గర నిలబెట్టింది.

10:00. విజిల్ మోగింది.

10:04. బంతి పిడుగు చేతికొచ్చింది. ఇద్దరు వాణ్ని నడుం దగ్గర పట్టి నేలకేసి కొట్టారు. తల్లి ఇన్‌స్పెక్టర్ మణికట్టు గట్టిగా పట్టుకుంది.

వాడు మెల్లగా లేచాడు.

"ఇంకా ఎంతసేపు మేడమ్, ఈ ఆట?"

ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకుంది.

"యాభై ఆరు నిమిషాలు."